సారె మీద చేసిన కుండను ఎలా చూడాలి, ఎవరి పని చూడాలి

మీరు మూడు విషయాలు అడిగారు. ఇప్పటి స్టూడియో కుండలన్నీ (కళాకారులు సొంత వర్క్‌షాపుల్లో చేసేవి) అదే మచ్చల తెల్ల గ్లేజ్‌తో (కాల్చినప్పుడు గాజులా కరిగి అంటుకునే పూత), అదే సాదా ఆకారంతో ఒకేలా కనిపిస్తున్నాయి, వాటిలో మంచి పని ఏదో ఎలా తెలుసుకోవాలి? నిజంగా సారె (కుమ్మరి చక్రం) మీద చేసిందో, అచ్చులో పోసిందో ఎలా గుర్తుపట్టాలి? ఎవరెవరి పని చూస్తే కన్ను కుదురుతుంది? చాలా ఏళ్లుగా సారె ముందు కూర్చుంటున్నాను, నేర్పుతున్నాను కూడా. ఈ ప్రశ్నలు నాకు చాలా ఇష్టమైనవి కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

అసలు విషయం ముందే చెప్తాను. సారె మీద మట్టి తిరిగేది కొద్దిసేపే. చేయి తిరిగినవాళ్లకు ఒక కప్పు రెండు మూడు నిమిషాల్లో పైకి లేస్తుంది. వీడియోల్లో మనం చూసేదీ ఆ కొద్దిసేపే. ఆ పనిలో ఆరితేరినవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. ఒకరి కుండకూ మరొకరి కుండకూ తేడా వచ్చేది మాత్రం వాళ్లు ఎక్కడ చేయి ఆపారు, ఏ గుర్తు ఉంచారు, ఏది చెక్కేశారు, ఏ నిప్పులో కాల్చారు అన్న నిర్ణయాల్లో. అవన్నీ కుండ మీదే రాసి ఉంటాయి. వాటిని చదవడం వస్తే మీ ప్రశ్నలు మూడూ ఒకటే అయిపోతాయి.

కుండ చేతికి వచ్చిందంటే నేను ముందు దాన్ని బోర్లిస్తాను. కుండ గురించి ఎక్కువ సంగతులు తెలిసేది అడుగునే. సారె మీద పని అయ్యాక సన్నటి తీగతో కుండను కోసి తీస్తారు. చక్రం తిరుగుతుండగా కోస్తే అడుగున గవ్వ మీద ఉండే లాంటి మెలి తిరిగిన గీతలు పడతాయి. చక్రం ఆపి కోస్తే గీతలు ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా పడతాయి. జపాన్‌లో ఈ గుర్తును ఇతోకిరి అంటారు, చాలామంది దాన్ని కావాలనే చెరపకుండా ఉంచుతారు. కొందరు కుండ సగం ఆరాక దాన్ని తిరగేసి మళ్లీ చక్రం మీద పెట్టి, లోహపు పనిముట్టుతో అడుగు చెక్కి, గుండ్రటి పాదం తీస్తారు. దీన్ని ట్రిమ్మింగ్ అంటాం. ఆ పాదం ఎంత వెడల్పు ఉంది, ఎంత ఎత్తు ఉంది, దాని అంచు పదునుగా వదిలారా, వేలితో మెత్తబరిచారా అన్నది చూస్తే చేసినవాళ్ల స్వభావం సగం తెలుస్తుంది. పాదం ఇరుకుగా, కాస్త ఎత్తుగా ఉంటే గిన్నె కింద నీడ పడి అది బల్ల మీద నుంచి లేచినట్టు ఉంటుంది. వెడల్పుగా ఉంటే నేలను పట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది. రెండూ మంచివే. ఆకారానికి సరిపోయిందా లేదా అన్నదే చూడాలి.

ఆ తర్వాత బరువు. కుండను చూడగానే మన చేయి ఒక బరువును ఊహించుకుంటుంది. ఎత్తినప్పుడు ఊహించినంతే ఉంటే పని బాగా జరిగిందన్నమాట. నేర్చుకునేవాళ్ల కుండల్లో గోడ పైన పలచగా, కింద మూలలో దళసరిగా ఉంటుంది. చేతివేళ్లు మట్టిని కింది నుంచి పైకి లాగేటప్పుడు అడుగూ గోడా కలిసే ఆ మూలలోనే మట్టి మిగిలిపోవడం సహజం. దాన్ని లాగడం కష్టం. అనుభవం ఉన్నవాళ్లు అక్కడ నుంచే మొదలుపెడతారు, మిగిలినది ట్రిమ్మింగ్‌లో తీస్తారు. ఇక్కడ ఒక పరీక్ష ఉంది. ఒక వేలు గిన్నె లోపల, ఒకటి బయట పెట్టి మూతి నుంచి అడుగు దాకా జార్చండి. లోపలి వంపూ బయటి వంపూ కలిసి నడిస్తే ఆ కుండ మొదటి నుంచీ ఒకే ఆలోచనతో చేసింది. బయట అందమైన వంపు ఉండి లోపల మెట్టులా తగిలితే, ఆకారం తర్వాత చెక్కి తెచ్చిందన్నమాట. పలచగా ఉండటమే గొప్ప అనుకోకండి. దళసరి గోడ కావాలనే ఉంచే మంచి కుమ్మరులు ఎందరో ఉన్నారు. బరువు ఎక్కడ ఉంది అన్నది ఎంత ఉంది అన్నదానికంటే ముఖ్యం.

మూతి అంచు మూడోది. పెదవికి తగిలేది అదే, ముందుగా చిట్లేదీ అదే. చక్రం మీద చివర్లో చిన్న తోలుముక్కనో స్పాంజినో అంచు మీద అదిమి మట్టిని దగ్గరికి నొక్కుతారు. మట్టి రేణువులు చదునైన పలకల్లా ఉంటాయి, నొక్కితే ఒకదాని మీద ఒకటి సర్దుకుని అంచు గట్టిపడుతుంది. అడుగుకూ ఇదే సూత్రం. లోపల అడుగును సరిగా నొక్కకపోయినా, అక్కడ నీళ్లు నిలవనిచ్చినా ఆరేటప్పుడు ఇంగ్లిష్ ఎస్ అక్షరం ఆకారంలో పగులు వస్తుంది. కుండలు చేసే వాళ్లందరికీ ఆ పగులు బాగా తెలుసు.

ఇక సారె పనా, అచ్చు పనా అన్న ప్రశ్న. సారె మీద చేసిన కుండ లోపల వేళ్ల గీతలు స్ప్రింగులాగా అడుగు నుంచి పైకి ఎక్కుతాయి, ఎందుకంటే చక్రం తిరుగుతుండగా చేయి పైకి కదులుతుంది. విడివిడి వలయాలుగా, ఒకదానికొకటి తగలకుండా, సమాన దూరంలో ఉంటే అనుమానించండి. ఫ్యాక్టరీలు ఇప్పుడు అచ్చులోనే ఆ గీతలు చెక్కి, చేతిపనిలా కనిపించేలా పోస్తున్నాయి. అలాంటి వాటిలో గీత బయట ఎలా ఉందో లోపల సరిగ్గా దానికి ఎదురుగా కూడా ఉంటుంది, లేదా లోపల పూర్తిగా నునుపుగా ఉంటుంది. రెండు ముక్కల అచ్చు అయితే పక్కన నిలువుగా సన్నటి అతుకు గీత కనిపిస్తుంది, పిడి లోపలి వైపు వేలితో తడిమితే ఇంకా బాగా తెలుస్తుంది. ఒకే రకం కప్పులు ఆరు పక్కపక్కన పెట్టి చూడటం అన్నిటికంటే తేలిక. చేతిపనిలో ఆరూ ఒకే కుటుంబంలా ఉంటాయి, అచ్చుపనిలో గ్లేజ్ కారిన చోటు కూడా దాదాపు ఒకేలా ఉంటుంది.

ఈ స్ప్రింగు గీత ఏ దిక్కుకు తిరుగుతుందో కూడా గమనించవచ్చు. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువమంది చక్రాన్ని గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పుతారు, జపాన్‌లో ముల్లు తిరిగే దిశలో. అందుకే గీతల వాలు తారుమారవుతుంది.

మట్టికి జ్ఞాపకం ఉంటుందని మా పనిలో అంటుంటాం. దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ టీపాట్ ముక్కు. ముక్కును సారె మీద సన్నటి గొట్టంలా లాగి, కోసి, టీపాట్‌కు అతికిస్తారు. లాగేటప్పుడు మట్టిలో పడిన మెలి కాల్చేటప్పుడు మళ్లీ కదులుతుంది. ముక్కు కొనను అతికించే రోజున సరిగ్గా అడ్డంగా కోస్తే కిల్న్ (కుండలు కాల్చే బట్టీ) నుంచి బయటికి వచ్చేసరికి అది కొంచెం పక్కకు తిరిగి ఉంటుంది. అందుకే అనుభవజ్ఞులు కొనను కావాలనే ఏటవాలుగా కోస్తారు, కాలాక అది తనే సమంగా వస్తుందని. పూర్తయిన టీపాట్ ముక్కు తిన్నగా ఉందంటే, చేసినామె లేదా చేసినాయన ముందు ఎన్నో ముక్కులు వంకరగా రావడం చూసి ఉంటారు. పైగా మట్టి ఆరి, కాలి, మొత్తం మీద పది నుంచి పదిహేను శాతం దాకా కుంచించుకుపోతుంది. మూత, మూతి రెండూ అదే మట్టితో, అదే తడితో, అదే రోజు చేయకపోతే కలవవు. కుండలన్నిటిలో టీపాట్ చేయడం కష్టమని అందరూ అనడానికి ఇదే కారణం. ఒకరి పని చూడాలంటే వాళ్ల టీపాట్ చూడమని నేను చెప్తాను.

అన్నీ ఒకేలా ఎందుకు ఉన్నాయి అన్న మీ మాట నిజమే. కారణాలు కొన్ని చాలా సాదావి. ఎక్కువమంది ఇప్పుడు తయారుగా దొరికే మట్టి కొంటున్నారు, తయారు గ్లేజ్ కొంటున్నారు, కరెంటు కిల్న్‌లో కాలుస్తున్నారు. కరెంటు కిల్న్‌లో పొగ ఉండదు, ఆక్సిజన్ నిండుగా ఉంటుంది, కాబట్టి మట్టిలోని ఇనుము పైకి వచ్చి గ్లేజ్‌లో మచ్చలు పెట్టదు. ఆ మచ్చల కోసం మట్టిలో మాంగనీస్ లాంటి ఖనిజపు రవ్వ కలిపి అమ్ముతారు. దాని మీద తెల్ల మ్యాట్ (మెరవని) గ్లేజ్ వేస్తే ఎక్కడ చేసినా, ఎవరు చేసినా అదే రూపం వస్తుంది. ఒకప్పుడు ఈ మచ్చలు గ్యాస్ లేదా కట్టె కిల్న్‌లో, గాలి తగ్గించి కాల్చినప్పుడు మట్టి తనంతట తాను ఇచ్చేవి. ఆ రూపానికి ఆదరణ వచ్చింది అక్కడి నుంచే.

ఇంకో కారణం వంశవృక్షం. ఇప్పటి స్టూడియో కుండల్లో చాలా భాగం ఒకే కొమ్మ నుంచి వచ్చాయి. 1920లో బెర్నార్డ్ లీచ్ అనే ఇంగ్లిష్ కళాకారుడు, హమాదా షోజి అనే జపాన్ కుమ్మరి కలిసి ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్‌లో లీచ్ పాటరీ మొదలుపెట్టారు. కొద్ది ఏళ్లకు హమాదా జపాన్ తిరిగి వెళ్లి మషికో అనే ఊళ్లో స్థిరపడ్డాడు. చేతితో, కర్రతో తిప్పే చక్రం మీద పని చేసి, ఆ చుట్టుపక్కల దొరికే మట్టి, రాయి పొడి, బూడిదలతోనే గ్లేజ్‌లు చేసి, 1955లో జపాన్ ప్రభుత్వం ఇచ్చే లివింగ్ నేషనల్ ట్రెజర్ గౌరవం అందుకున్నాడు. సెయింట్ ఐవ్స్ వదిలాక ఆయన కుండల మీద సంతకం పెట్టడం మానేశాడు. ఆయన గిన్నె ఒకటి బొమ్మలో అయినా చూడండి. గరిటెతో గ్లేజ్‌ను ఒక్క విసురులో పోస్తాడు, చుక్కలు ఎక్కడ పడితే అక్కడే వదిలేస్తాడు. దిద్దడం ఉండదు.

సెయింట్ ఐవ్స్‌లో మరో సంగతి జరిగింది, దాని గురించి తక్కువగా మాట్లాడతారు. అక్కడ స్టాండర్డ్ వేర్ అనే పేరుతో రోజూ వాడుకునే కప్పులు, జగ్గులు, గిన్నెలు వరుసగా చేసేవారు. వాటి ఆకారాలు గీసింది లీచ్, చేసింది శిష్యులు, పనివాళ్లు. 1938లో కుర్రవాడిగా చేరిన విలియం మార్షల్ ఆ వర్క్‌షాప్‌లో ఫోర్‌మన్ అయ్యాడు. లీచ్ పేరుతో ఉన్న పెద్ద కుండలు చాలావాటిని సారె మీద ఎత్తింది అతని చేతులే. కుండ వెనక ఎవరున్నారు అని అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చే పేరు ఇదే. మట్టిముద్దను తూకం వేసి, ఎత్తూ వెడల్పూ చూసుకోవడానికి పక్కన ఒక కొలత పుల్ల పెట్టుకుని, ఒకే ఆకారం రోజంతా చేస్తే చేతికి ఆలోచించే పని తగ్గిపోతుంది. అప్పుడే వంపులో సులువు వస్తుంది. ఒక్క కుండ మీద గంటసేపు కూర్చుని దిద్దినవాళ్లకు ఆ సులువు రాదు, అది కుండలో కనిపిస్తుంది కూడా.

ఆ శిక్షణనే నమ్ముకుని తన జీవితమంతా గడిపిన మనిషి వారెన్ మెకెంజీ. ఆయన, భార్య ఆలిక్స్ 1949 నుంచి 1952 దాకా లీచ్ దగ్గర పనిచేసి అమెరికాలోని మిన్నెసోటాకు తిరిగి వెళ్లారు. అక్కడ యూనివర్సిటీలో పాఠాలు చెప్తూ, సామాన్యులు కొనుక్కోగలిగే ధరకే కుండలు అమ్మాడు. చిన్న గదిలో కుండలు పెట్టి, పక్కన బుట్ట పెట్టి, కొన్నవాళ్లే లెక్క చూసుకుని డబ్బు అందులో వేసి వెళ్లేలా చేశాడు. పేరు పెరిగే కొద్దీ జనం వాటిని కొని ఎక్కువ ధరకు తిరిగి అమ్మడం మొదలుపెట్టారు, ఒక్కొక్కరు ఇన్నే కొనాలని పరిమితి పెట్టాల్సి వచ్చింది, చివరికి ఆ గది మూసేయాల్సి వచ్చింది. 2018లో 94 ఏళ్ల వయసులో పోయాడు. ఆయన గిన్నెల్లో ట్రిమ్మింగ్ గీతలు, వేళ్ల గుర్తులు దాచకుండా ఉంటాయి. వాటిని వాడినకొద్దీ బాగుంటాయని నా నమ్మకం. అద్దాల వెనక పెడితే వాటి గుణం సగం కనిపించదు.

దీనికి పూర్తిగా వేరే దారి చూడాలంటే లూసీ రీ దగ్గరికి వెళ్లండి. 1902లో వియన్నాలో పుట్టింది, 1938లో లండన్ వచ్చింది. యూదు కుటుంబం కావడంతో నాజీల నుంచి తప్పించుకుని వచ్చింది. యుద్ధకాలంలో బట్టల గుండీలు చేసి బతికింది. ఆమె గిన్నెలు పలచగా ఉంటాయి, పాదం ఇంత చిన్నదా అనిపిస్తుంది, పైన విప్పారుతాయి. లీచ్‌కు మొదట అవి నచ్చలేదు, మరీ పలచన అన్నాడు. ఆమె కొంతకాలం ఆయన పద్ధతికి దగ్గరగా పనిచేసి చూసి, మళ్లీ తన దారికి వచ్చింది. మామూలుగా కుండను ఒకసారి కాల్చి, గ్లేజ్ పూసి, రెండోసారి కాలుస్తారు. ఆమె పచ్చికుండ మీదే బ్రష్‌తో గ్లేజ్ పూసి ఒకేసారి కరెంటు కిల్న్‌లో కాల్చేది. దానివల్ల మట్టీ గ్లేజూ కలిసి పొంగి, అగ్నిపర్వతపు రాయిలా గుంటలు గుంటలుగా వచ్చే ఉపరితలాలు ఆమెకు సాధ్యమయ్యాయి. మాంగనీస్ ఎక్కువగా ఉన్న కంచు రంగు అంచు కిందికి కారడం, దాని మీద సూదితో గీసిన సన్నటి గీతలు ఆమె గుర్తులు. కరెంటు కిల్న్‌లో ఏమీ రాదు అనేవాళ్లకు నేను ఆమె గిన్నెలే చూపిస్తాను. పరికరం అదే. దానితో ఏం అడగాలో ఆమెకు తెలుసు.

అంతకుముందే జర్మనీ నుంచి శరణార్థిగా వచ్చిన హన్స్ కోపర్ అనే యువకుడు 1946లో గుండీల పనిలో సాయానికి ఆమె దగ్గర చేరాడు. అప్పటికి కుండల పనే తెలియదు. కొద్ది ఏళ్లలో ఆయన సారె మీద వేర్వేరుగా భాగాలు లాగి, వాటిని నొక్కి, కోసి, ఒకదాని మీద ఒకటి అతికించి, ఎవరూ అంతకుముందు చూడని ఆకారాలు చేశాడు. పైన పలకలా, కింద సన్నటి కాండంలా ఉండే పాత్రలు అవి. 1962లో కోవెంట్రీ కెథడ్రల్‌కు ఆరు ఎత్తైన కొవ్వొత్తి స్తంభాలు చేశాడు. సారె అంటే గుండ్రని గిన్నెలే అనుకునేవాళ్లు కోపర్ పని తప్పక చూడాలి. లూసీ రీ స్టూడియోను లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో యథాతథంగా మళ్లీ అమర్చి పెట్టారు.

సారె మీద పనిచేసేవాళ్లు, గ్లేజ్ వేసేవాళ్లు వేరుగా ఉన్న జంట కూడా ఒకటి చెప్పాలి. గెర్ట్రూడ్ నాట్జ్‌లర్ సారె మీద కుండ ఎత్తేది, భర్త ఒట్టో గ్లేజ్‌లు తయారుచేసేవాడు. వీళ్లూ 1938లో వియన్నా వదిలి లాస్ ఏంజెలెస్ వెళ్లారు. గుడ్డు పెంకంత పలచటి గోడ ఆమెది, దాని మీద గరుకైన గ్లేజ్ ఆయనది. రెండిటి మధ్య గొడవ పడకుండా కుదిరిన పని అది.

1952 డిసెంబరులో లీచ్, హమాదా, వాళ్ల స్నేహితుడైన కళాతత్వవేత్త యానగి సోయెత్సు ముగ్గురూ అమెరికాలోని మొంటానాలో ఆర్చీ బ్రే ఫౌండేషన్ అనే కుండల కళాకేంద్రానికి వెళ్లారు. అక్కడ పనిచేస్తున్న యువ కుమ్మరి పీటర్ వౌల్కోస్. సారె మీద ఆయనకున్న బలం, వేగం అసాధారణం. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో ఆయన చేసింది మాత్రం వాళ్ల దారి కాదు. సారె మీద లాగిన పెద్ద భాగాలను చీల్చి, గుద్ది, ఒకదాని మీద ఒకటి పేర్చి శిల్పాలు చేశాడు. చాలామందికి ఇవి మొదట విధ్వంసంలా అనిపిస్తాయి. కాస్త ఓపికపట్టి చూస్తే, చక్రం ఇచ్చిన గుండ్రటి శక్తి ఆ చీలికల్లో కూడా బతికే ఉందని తెలుస్తుంది. మట్టిని లాగడం సరిగా రానివాళ్లు అలా చీలిస్తే అది విరిగిన కుండే అవుతుంది.

హవాయిలో పుట్టిన తోషికో తకాయెజు (1922–2011) చేసిన మూసిన ఆకారాలు నాకు ఎంతో ఇష్టం. మూతిని పైన చనుమొనంత చిన్న రంధ్రం దాకా దగ్గరికి తెచ్చేసింది. అంటే అందులో ఏమీ పోయలేం, ఏమీ పెట్టలేం. పాత్రలా మొదలై పాత్ర కాకుండా ఆగిపోతుంది. మూసేముందు కాగితంలో చుట్టిన చిన్న మట్టి ముక్క లోపల వేసేది. కిల్న్‌లో కాగితం కాలిపోతే ముక్క విడిపడి, కుండను కదిలించినప్పుడు గలగలమంటుంది. గ్లేజ్‌ను పెయింటింగ్‌లాగా చుట్టూ తిరుగుతూ వేసేది.

ఇంగ్లండ్‌లో ఇప్పుడు పనిచేస్తున్న ఎడ్మండ్ డి వాల్ సారె పనిని ఇంకో వైపుకు తీసుకెళ్లాడు. ఒక్క కుండను చూడమనడు. పోర్సెలిన్‌తో (తెల్లటి పింగాణీ మట్టి) సారె మీద చేసిన చిన్న స్తూపాకారపు పాత్రలు పదులు, వందలుగా అల్మారాల్లో, గూళ్లలో వరుసలుగా పెడతాడు. 2009లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం గోపురం కింద ఎత్తున ఒక ఎర్రటి అల్మారా గట్టు మీద 425 పాత్రలు పెట్టాడు. విడిగా చూస్తే అతి సాదాగా ఉండే పాత్రలు వరుసలో, మధ్య ఖాళీలతో వేరే మాట చెప్తాయి. నాకు ఆయన ఒక్కో పాత్ర కంటే వాటి మధ్య వదిలిన జాగా నచ్చుతుంది. ఆ పనిలోనూ వర్క్‌షాప్ శిక్షణ ఉంది, కుర్రతనంలో ఆయన లీచ్ సంప్రదాయంలో పనిచేసే జెఫ్రీ వైటింగ్ దగ్గర అప్రెంటిస్‌గా ఉన్నాడు.

మీరు వీడియోల్లో చూసినవాటిలో ఇంగ్లండ్ కుమ్మరి ఫ్లోరియన్ గాడ్స్‌బీవి ఉండే అవకాశం ఎక్కువ. ఆయన శుభ్రమైన గీతలు, కొద్ది రంగులు చూసి ఇప్పటి ఫ్యాషన్ అనుకోవచ్చు. కానీ ఆ చేయి వచ్చిన దారి చూడండి. ఇంగ్లండ్‌లో సోడా గ్లేజ్ కుండలు చేసే లీసా హామండ్ దగ్గర అప్రెంటిస్‌గా చేసి, ఆ తర్వాత మషికోలో కెన్ మత్సుజాకి దగ్గర పనిచేశాడు. మత్సుజాకి గురువు షిమావోకా తత్సుజో. షిమావోకా గురువు హమాదా. ఫోన్ తెరమీద కనిపించే కప్పుకూ, కర్రతో తిప్పే చక్రానికీ మధ్య అంత దగ్గరి బంధుత్వం ఉంది. లీసా హామండ్ అప్రెంటిస్‌షిప్‌లు నిలవాలని ఒక చారిటీ పెట్టింది, ఇంగ్లండ్ నగరమైన స్టోక్‌లో కుమ్మరులకు శిక్షణ ఇచ్చే కాలేజీ రావడానికీ కృషి చేసింది. కుండ నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు ఈ పనిని కూడా లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ చేతిపని పుస్తకంలోంచి రాదు.

భారతదేశానికీ ఇదే చెట్టు నుంచి రెండు కొమ్మలు వచ్చాయి. గురుచరణ్ సింగ్ 1919లో చదువు కోసం జపాన్ వెళ్లి లీచ్, హమాదా, యానగిల బృందంతో పరిచయం పెంచుకుని వచ్చాడు. తర్వాత ఢిల్లీ బ్లూ పాటరీ స్థాపించాడు, జీవితం చివర్లో కాంగ్రా లోయలోని ఆంద్రెట్టాలో గడిపాడు. 1971లో డెబొరా స్మిత్, రే మీకర్ పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. ఇప్పుడు దేశంలో పేరున్న స్టూడియో కుమ్మరుల్లో చాలామంది అక్కడ నేర్చుకున్నవాళ్లే, లేదా అక్కడ నేర్చుకున్నవాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లే. రే మీకర్ పెద్ద కుండల నుంచి ఇంకా పెద్దదానికి వెళ్లి, మట్టి ఇళ్లను కట్టి, ఇంటినే కిల్న్‌లా లోపల నిప్పు పెట్టి కాల్చే ప్రయోగాలు కూడా చేశాడు.

ఇక్కడ ఒక్క హెచ్చరిక. సారె మీద చేసిందే గొప్ప, చేత్తో కట్టింది తక్కువ అన్న భావం ఎక్కడా పెట్టుకోవద్దు. లీచ్ మొదటి శిష్యుల్లో ఒకడైన మైకేల్ కార్డ్యూ 1950ల్లో నైజీరియాలో అప్పట్లో అబుజా అనే (ఇప్పటి సులేజా) ఊళ్లో కుండల శిక్షణ కేంద్రం నడిపాడు. అక్కడ చేరిన లాడి క్వాలి అప్పటికే తన ఊళ్లో మట్టి చుట్టలు పేర్చి పెద్ద నీటి కుండలు కట్టేది. చక్రం లేకుండా తనే కుండ చుట్టూ తిరుగుతూ కట్టిన ఆ వంపుల గుండ్రదనం సారె మీద కూడా చాలామందికి రాదు. ఇప్పుడు నైజీరియా 20 నైరాల నోటు వెనక ఆమె బొమ్మ ఉంది. కొరియాలో లీ కాంగ్ హ్యో లాంటివాళ్లు ఒంగి అనే పెద్ద జాడీలను నెమ్మదిగా తిరిగే చక్రం మీద మట్టి చుట్టలు పేర్చి, చెక్కతో కొడుతూ ఎత్తుతారు. సారె, చేతికట్టు రెండూ కలిసిన పద్ధతి అది.

కాల్చడం గురించి తక్కువలో చెప్తాను, అది వేరే పెద్ద విషయం. గ్లేజ్ అంటే ముఖ్యంగా సిలికా, అల్యూమినా, వాటిని కరిగించే పదార్థం కలిసిన గాజు. దాంట్లో ఒక శాతం నుంచి రెండు శాతం ఇనుము ఉంచి, గాలి తగ్గించి 1250 నుంచి 1300 డిగ్రీల సెల్సియస్ దాకా కాలిస్తే సెలడాన్ అనే లేత ఆకుపచ్చ, నీలం వస్తాయి. ఇనుము ఎనిమిది, పది శాతానికి పెంచితే తెన్‌మొకు అనే నల్లటి గోధుమరంగు. అదే ఇనుము గాలి బాగా ఉన్న కిల్న్‌లో తేనెరంగుకు తిరుగుతుంది. కట్టెల కిల్న్‌లో బూడిద ఎగిరి కుండ భుజం మీద వాలి తనే గ్లేజ్ అవుతుంది, అందుకే మంట వచ్చిన వైపూ వెనక వైపూ రెండు వేర్వేరు కుండల్లా ఉంటాయి. ఉప్పు, సోడా కాల్పుల్లో వేడి కిల్న్‌లోకి వదిలిన సోడియం ఆవిరి మట్టిలోని సిలికాతో కలిసి నారింజ తొక్కలాంటి ఉపరితలం ఇస్తుంది. ఇవన్నీ గుర్తుపెట్టుకోనవసరం లేదు. కుండ మీద ఒక వైపు రంగు మారితే అది లోపమని తొందరపడకుండా, నిప్పు ఎటు నుంచి వచ్చిందో అని వెతకండి.

లోపం అంటే ఏమిటి మరి? పాదం గరుకుగా ఉండి బల్లను గీరితే లోపం. మూత కుదరక కదిలితే, జగ్గు మూతి పోశాక కింద చుక్క కార్చితే, పిడిలో వేళ్లు పట్టకపోతే, గ్లేజ్ సూదిమొన రంధ్రాలతో ఉండి లోపల మురికి పడితే లోపాలే. వేలి గోటితో కొట్టి చూడండి, మంచి స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో గట్టిగా కాల్చిన కుండ) ఖణేల్‌మంటుంది, ఎక్కడో పగులు ఉంటే ధ్వని మొద్దుబారుతుంది. ఇక వంకరగా ఉండటం, అంచు ఒకవైపు కొంచెం దిగటం, గ్లేజ్‌లో వేలి గుర్తు ఉండటం, ఇవి లోపాలా కావా అన్నది ఆ ఆకారాన్ని బట్టి తీర్పు చేయాలి. మృదువైన గిన్నెలో అందంగా ఉన్న వంకర, గీసినట్టున్న సన్నటి కప్పులో అసహ్యంగా ఉండవచ్చు.

కన్ను కుదరడానికి నేను చెప్పే పద్ధతి ఇది. ముందుగా రెండే పేర్లు తీసుకోండి, హమాదా, లూసీ రీ. ఇద్దరివీ గిన్నెలే చూడండి, టీపాట్లు, జాడీలు ఇప్పుడు వద్దు. ఒకరి గిన్నె పాదం పక్కన మరొకరి గిన్నె పాదం పెట్టి చూడండి, అంచు పక్కన అంచు పెట్టండి. మ్యూజియం సైట్లలో కుండల అడుగు భాగం ఫోటోలు కూడా తరచూ ఉంటాయి, వాటినే ముందు తెరవండి. ఆ తర్వాత మెకెంజీ దగ్గరకు, తకాయెజు దగ్గరకు వెళ్లండి. చివరిగా మీకు దగ్గర్లో సారె మీద పనిచేసే ఎవరి దగ్గరైనా వెళ్లి, చేసేటప్పుడు వాళ్ల చేతులకంటే, కుండను తీగతో కోసి పక్కన పెట్టేముందు వాళ్లు దాన్ని చూసే ఆ కొద్ది క్షణాలు చూడండి. అక్కడే నిర్ణయం జరుగుతుంది, ఉంచాలా, మళ్లీ ముద్ద చేయాలా అని. ఆ కుండల్లోంచి ఒకటి కొనుక్కుంటే రోజూ వాడండి. నెల తర్వాత ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో మళ్లీ రాయండి, ఆ కుండ అడుగు ఫోటో కూడా పంపితే ఇంకా వివరంగా మాట్లాడుకోవచ్చు.